గ్రౌండు తాళంచెవి

నా సంచిలో బీపీ మిషను, ఆఫీసు టాబు,
మా అమ్మ కుట్టుమిషను డ్రాయర్లోంచి తెచ్చుకున్న టేపు.
ఆఫీసు ఇచ్చిన టేపు మీద
రెండో నెలకే అంకెలు చెరిగిపొయ్యాయి.

ఈ టేపుతో అమ్మ జాకెట్లకు కొలతలు తీసేది.
"లోపల గుడ్డ వదిలాలే,
లావెక్కితే కుట్టు విప్పుకోవచ్చు" అనేది.
టాబు అట్టా వదలదు.
ఎనభై దాటితే ఎర్రరంగు.
కందుకూరులో మా వార్డంతా
మిరపకళ్ళం ఆరబోసినట్టుంది.

టేపు చుట్టగానే చెంచురత్నం ఊపిరి బిగబడుతుంది.
"వదులమ్మా."
"వదిల్తే నువ్వు రాసుకుంటావు గదా!"
మస్తాన్‌బీ నవ్వుతుంది:
"ఇది నా వొళ్ళు కాదు బిడ్డా,
అయిదు కాన్పులూ రేషన్ బియ్యమూ."
నవ్వుతూనే మోకాలు పట్టుకుని
మెట్టు దిగుతుంది.

నడవండని చెప్పమన్నారు. చెప్పాను.
"యాడ నడిచేది?"
పామూరు రోడ్డు మీద టిప్పర్లు.
సందులో కాలవ మీద బండ లేచిపోయి ఏడాది.
పొద్దుగూకితే దీపం ఉండదు, కుక్కలుంటాయి.
"పోనీ తెల్లారుజామున?"
"నీళ్ళొస్తాయి."
"నీళ్ళు రాని రోజు?"
"ట్యాంకరొస్తుంది."

ఈ జవాబులు రాసుకోవడానికి టాబులో గడి లేదు.
ఈ ఊరు కుట్టినవాళ్ళెవరో
లోపల గుడ్డ వదల్లేదు.

ఉన్న ఒక్క ఖాళీ జాగా హైస్కూలు గ్రౌండు.
తాళంచెవి వాచ్‌మన్ మాలకొండయ్య మొలతాటికి.
"హెడ్మాస్టరు చెప్పాల."
హెడ్మాస్టరుకు కమిషనరు రాయాల.
కమిషనరుకు కౌన్సిలు చెప్పాల.
నేనొక అర్జీ రాశాను.
అది మూడు నెలలు నడిచి నడిచి
(మా వార్డులో అంత దూరం నడిచింది అదొక్కటే)
అజెండాలో పద్నాలుగో అంశమైంది.

పదమూడో అంశం అయ్యేసరికి ప్లేట్లొచ్చాయి.
మలైకాజా, మిక్చరు, టీ.
చదివే ఆయన నోట్లో కాజా ఉంది,
ఊబకాయం అన్నమాట పాకంలో జారింది.
"ఊరు లావెక్కిందంటే బాగుపడినట్టే గదా అధ్యక్షా!"
బల్లలు చరిచారు.
హోర్డింగుకు లక్షా నలభై వేలు, ఆమోదం.
గ్రౌండు విషయం
పరిశీలనలో ఉంచడమైనది.

హోర్డింగులో సన్నటి మనిషి పరిగెత్తుతున్నాడు,
మన ఊరోడు కాదు.
దాని నీడలో బజ్జీల బండి నిలబెట్టుకున్నాడు ఏడుకొండలు.
ఎండకి మంచి చోటు దొరికింది, బేరం పెరిగింది.
అతన్నేమనను?
సాయంత్రం ఆరింటికి ఆడపిల్లకైనా ముసలమ్మకైనా
భయం లేకుండా నిలబడగలిగే చోటు
ఊరంతటికీ అదొక్కటే.

మీటింగైపోయాక మెట్లమీద
ఇరవై మూడో వార్డు మెంబరు పేరమ్మ ఆపింది.
మూడేళ్ళలో ఆమె గొంతు సభలో విన్నవాళ్ళు లేరు,
మాట్లాడేది ఆమె మొగుడు.
"టేపుందా పాపా?"
రికార్డు రూములో ఫైళ్ళ మధ్య కొలిచాను.
నూట నాలుగు.
ఊపిరి బిగబట్టలేదు.
"అంకె రాసుకో. నా పేరు రాయబాక."
కాసేపాగి,
"రేపు నేను గ్రౌండు కాడికి వస్తా" అంది.

వచ్చింది.
గేటు బయట నిలబడింది, అంతే.
మరుసటిరోజు చెంచురత్నం, ఆ వెనక మస్తాన్‌బీ,
గోడ వెంబడి అటూ ఇటూ.
లోపల జాగా, బయట ఆడవాళ్ళు.
మాలకొండయ్య నాలుగు రోజులు చూశాడు.
అయిదో రోజు నా దగ్గరికొచ్చాడు,
"నాకూ కొలువు" అన్నాడు.

టేపు చుట్టబోతే ఆపాడు.
మొలతాటి నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.
"ఇది తీసి కొలువు.
దీని లావు కూడా నాకెందుకు."

తొంభై ఆరు. ఎర్రరంగే పడింది.
తాళంచెవి తిరిగివ్వబోయాను.
ఆయన అప్పటికే
గోడ వెంబడి నడుస్తున్నాడు.